గుంతకల్లు భోజనశాల

రైల్వే రిఫ్రెష్‌మెంట్ రూమ్ ఊరి కోసం కట్టిన భోజనశాల కాదు, బండి దిగినవాళ్ళ కోసం కట్టినది. పెద్ద జంక్షన్లలో ప్లాట్‌ఫారాన్ని ఆనుకుని, ఎత్తైన కప్పుతో, వెడల్పాటి తలుపులతో ఉండేది. తెల్లగుడ్డ పరిచిన బల్లలు, పింగాణీ పళ్ళేలు, తలపాగా చుట్టి నడుముకు పట్టీ బిగించిన బేరర్లు, సూపుతో మొదలై కారమెల్ కస్టర్డ్‌తో ముగిసే భోజనం దాని ఆనవాళ్ళు. తెల్లదొరల కాలంలో తూర్పు రైళ్ళ మీద కెల్నర్, పడమటి రైళ్ళ మీద బ్రాండన్, దక్షిణాదిన మద్రాసు స్పెన్సర్ కంపెనీలు ఇలాంటి గదులను నడిపి పేరు తెచ్చుకున్నాయి. అనంతపురం జిల్లాలో ఈ తరహా భోజనానికి చోటు గుంతకల్లు జంక్షన్. తెల్లదొరలు వాడిన ప్రయాణ దర్శినులు దాని పేరు పక్కన రిఫ్రెష్‌మెంట్ రూమ్ ఉందని గుర్తు వేసేవి.

చుట్టూ ఉన్న నేలను చూస్తే ఆ గది అక్కడ ఉండటమే ఒక వింత. అనంతపురం పీఠభూమిలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుంటాయి, ఈశాన్య రుతుపవనం కోస్తా దాటి లోపలికి వచ్చేసరికి పలచబడుతుంది. కొర్ర, జొన్న, తర్వాతి కాలంలో బుడ్డలు, ఇవీ ఆ నేల పంటలు. మూడేళ్ళకో నాలుగేళ్ళకో అవీ చేతికి రావు. వెన్నపూసిన రొట్టె, వేయించిన కోడి, రోస్టు మాంసం వడ్డించే గది ఇలాంటి చోట వెలిసిందంటే, దాన్ని పోషించింది ఊరు కాదు, రైలు పట్టాలు.

ఆ పట్టాల కథ ఇది. మద్రాసు రైల్వే వాళ్ళు వాయవ్యంగా వేసుకుంటూ పోయిన దారి 1871లో రాయచూరు చేరి, బొంబాయి నుంచి వచ్చిన దారితో కలిసింది. గుత్తి, గుంతకల్లు ఆ దారిలో పడ్డాయి. అది బ్రాడ్‌గేజి, పట్టాల మధ్య 1,676 మిల్లీమీటర్లు. తర్వాత సదరన్ మరాఠా రైల్వే మీటరుగేజి దారులు వచ్చి గుంతకల్లును తాకాయి. ఒకటి బళ్ళారి మీదుగా హుబ్లీకి, ఒకటి నంద్యాల మీదుగా బెజవాడకు, ఒకటి ధర్మవరం మీదుగా బెంగళూరుకు. వాటి పట్టాల మధ్య 1,000 మిల్లీమీటర్లే. రెండు కొలతల మధ్య ఉన్న 676 మిల్లీమీటర్ల తేడాతోనే గుంతకల్లు పల్లె జంక్షన్‌గా మారింది. ఒక బండి ఇంకో బండి పట్టాల మీదికి ఎక్కలేదు కనుక, మనుషులు దిగాలి, మూటలు దించాలి, పత్తి బేళ్ళు ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి మార్చాలి. బొంబాయి నుంచి వచ్చి బెంగళూరు పోయేవాడూ, బెజవాడ నుంచి వచ్చి రాయచూరు పోయేవాడూ గంటల తరబడి అక్కడ కాచుకోవాల్సిందే. కాచుకునేవాడికి ఆకలి వేస్తుంది. భోజనశాల బతికింది ఆ ఎదురుచూపు మీద.

ఇంకో కారణం బండి నిర్మాణంలో ఉంది. ఆనాటి పెట్టెలకు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి నడిచే దారి లేదు. భోజనపు పెట్టె తగిలించిన బండిలో కూడా ఒక స్టేషనులో దిగి అందులోకి ఎక్కి, తిన్నాక మరో స్టేషనులో దిగి తమ చోటికి తిరిగిరావాలి. అందుకే కాలపట్టికల్లో భోజనానికని ప్రత్యేకంగా ఆగే వేళలు ఉండేవి. ఎందరికి భోజనం కావాలో గార్డు ముందు స్టేషనులో అడిగి రాసుకునేవాడు, ఆ లెక్క తంతి మీద ముందుకు పోయేది. బండి వచ్చి ఆగేసరికి సూపు పొగలు కక్కుతూ ఉండాలి. దిగలేనివాళ్ళకు బేరరు పళ్ళెం పెట్టెలోకే తెచ్చి ఇచ్చేవాడు, ఖాళీ పళ్ళెం తర్వాతి పెద్ద స్టేషనులో దిగేది. ఇంజను నీళ్ళు పట్టుకుని, బొగ్గు నింపుకునే వ్యవధే ప్రయాణికుడు ముద్ద మింగే వ్యవధి. మనిషి ఆకలీ యంత్రం ఆకలీ ఒకే గంటకు తీరే ఏర్పాటు అది.

తిండి పూర్తిగా విలాయతీది కాదు, పూర్తిగా ఇక్కడిదీ కాదు. వంటవాళ్ళు ఈ దేశంవాళ్ళు, తినేవాళ్ళు ఆ దేశంవాళ్ళు. ఇద్దరి మధ్య రాజీగా పుట్టిన వంటకాలు కొన్ని ఈనాటికీ పెద్ద హోటళ్ళ పట్టికల్లో ఉన్నాయి. కారం తగ్గించి, బంగాళాదుంప వేసి వండే రైల్వే మటన్ కూర వాటిలో బాగా పేరున్నది. కట్‌లెట్, ఆమ్లెట్, బ్రెడ్డు ముక్కల పుడ్డింగ్ లాంటివి తెలుగు ఊళ్ళకు చేరిన దారుల్లో రైల్వే వంటగది ముఖ్యమైనది. రైల్వే కాలనీల్లో ఆంగ్లో ఇండియన్ కుటుంబాల ఇళ్ళలోనూ ఇవే వంటకాలు. అనంతపురం పల్లె వంటిల్లు రాగిసంగటి, ఊరుబిండి, జొన్నరొట్టె దగ్గర ఉండగా, కొన్ని మైళ్ళ దూరంలో ప్లాట్‌ఫారం మీద కత్తీ ముల్లూ నడిచాయి.

ఆ గదిని ప్రేమగా తలుచుకునేవాళ్ళు మరిచిపోకూడని సంగతులు రెండున్నాయి. మొదటిది కరువు. రాయచూరు దారి పూర్తయిన అయిదేళ్ళకే, 1876లో, దక్కను మీద మహా కరువు విరుచుకుపడింది. 1878 దాకా సాగిన ఆ కరువులో అప్పటి బళ్ళారి జిల్లా ఘోరంగా దెబ్బతిన్నది. అనంతపురం ప్రాంతం అప్పుడు అందులో భాగం, 1882లోనే అది వేరు జిల్లా అయింది. రాళ్ళు కొట్టే పనికి వచ్చిన మగమనిషికి రోజు కూలి ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలని కరువు పర్యవేక్షణకు వచ్చిన ప్రభుత్వ ప్రతినిధి సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించాడు. ధాన్యం రైలు మీద వచ్చింది, కొనగలిగిన ధరకు మాత్రం రాలేదు. ఆ కరువును దాటి బతికిన తరం కళ్ళముందే జంక్షన్‌లో భోజనపు గంట మోగింది.

రెండోది అంతకన్నా దగ్గరి సంగతి. 1893 అక్టోబరులో గుంతకల్లు స్టేషను దగ్గర తెల్ల సైనికులు కొందరు ఇద్దరు ఆడవాళ్ళ వెంటపడ్డారు. రైల్వే గేటు కాపలాదారు హంపన్న వాళ్ళను తన గేటు గదిలో దాచి అడ్డం నిలబడ్డాడు. సైనికుడు పేల్చిన తూటాకు చనిపోయాడు. గుత్తి వకీలు కేశవ పిళ్ళై ఆ కేసును పట్టుకుని దేశం దృష్టికి తెచ్చాడు. మద్రాసులో జరిగిన విచారణలో నిందితుణ్ణి నిర్దోషిగా వదిలేశారు. ప్రజలు చందాలు వేసుకుని హంపన్నకు స్మారకం నిలిపారు. ఒకే స్టేషను పరిసరాల్లో కొందరికి వెండి చెంచాలు, ఆడవాళ్ళను కాపాడిన గేటు కాపలాదారుకు తూటా. గుంతకల్లు భోజనశాల వైభవాన్ని హంపన్న పేరు తీసేసి చెప్పడం న్యాయం కాదు.

గది లోపలి విభజన కూడా అలాంటిదే. యూరోపియన్ల భోజనశాల ఒకటి, హిందువులది ఒకటి, ముసల్మానులది ఒకటి. హిందువుల దాంట్లో మళ్ళీ బ్రాహ్మణులకు వేరే చోటు. తాగే నీటికి కూడా హిందూ కుండ, ముస్లిం కుండ ఉండేవి. 1917లో గాంధీ మూడో తరగతి ప్రయాణం మీద రాసిన వ్యాసంలో, టిక్కెట్ల డబ్బులో ఎక్కువ భాగం ఇచ్చే బీదవాడికి స్టేషన్లలో దొరికే తిండి, టీ ఎంత హీనంగా ఉన్నాయో వివరంగా చెప్పాడు. దుమ్ము, ఈగలు, మురికినీళ్ళ లాంటి టీ. అదే ప్లాట్‌ఫారం మీద తెల్లగుడ్డ బల్లలు ఉన్నాయన్నది ఆ వ్యాసం పక్కన పెట్టుకుని చూడాల్సిన నిజం. దక్షిణాది స్టేషను భోజనశాలల్లో బ్రాహ్మణులకు వేరే గది పెట్టే పద్ధతి 1941లో పోయింది. దాని వెనక పెరియార్ రామస్వామి నడిపిన పోరాటం ఉంది.

స్వాతంత్ర్యం తర్వాతే ఆ తలుపు నిజంగా తెరుచుకుంది. 1951 ఏప్రిల్ 14న మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే, మరి రెండు రైల్వేలతో కలిసి దక్షిణ రైల్వే అయింది. 1956లో గుంతకల్లు డివిజన్ కేంద్రమైంది, 1977 అక్టోబరులో దక్షిణ మధ్య రైల్వేలోకి మారింది. 1950ల నడిమి భాగంలో ఓ.వి. అళగేశన్ అధ్యక్షతన వేసిన సంఘం గుత్తేదారుల తిండి మీద వచ్చిన ఫిర్యాదులను పరిశీలించింది. రైల్వేలు సొంత శాఖ ద్వారా వండి వడ్డించడం ఆ తర్వాత ఊపందుకుంది. శాకాహార భోజనశాల, మాంసాహార భోజనశాల అనే విభజన మాత్రం మిగిలింది. ఎవరు ఏ కులమని అడిగేవాడు లేడు. టిక్కెట్టు చేతిలో ఉన్నవాడు, చేతిలో లేకపోయినా ప్లాట్‌ఫారం టిక్కెట్టు కొన్నవాడు, బల్ల ముందు కుర్చీలో కూర్చోవచ్చు.

ఈ మాట చిన్నదిగా కనిపిస్తుంది. అనంతపురం లాంటి జిల్లాలో కాదు. పల్లెల్లో హోటలు అంటే చాలాచోట్ల బయట వేరే గ్లాసు, వేరే అరుగు ఉన్న కాలం అది. రైల్వే భోజనశాలలో అందరికీ ఒకటే పళ్ళెం, ఒకటే ధర, ఒకటే బేరరు. బల్లమీద ఎదురుగా కూర్చున్న అపరిచితుడు బళ్ళారి పత్తి వ్యాపారి కావచ్చు, కర్నూలులో పరీక్ష రాయబోయే కుర్రవాడు కావచ్చు, బెంగళూరులో కూలికి పోయే కుటుంబం కావచ్చు. కూలి కుటుంబం నిజంగా ఎంత తరచుగా లోపలికి వచ్చింది అన్నది వేరే సంగతి. భోజనం ధర వాళ్ళకు భారమే. అయినా వచ్చినప్పుడు బయటికి పొమ్మనే హక్కు ఎవరికీ లేకపోవడం గొప్ప మార్పు. రైలు మనుషులను పక్కపక్కన కూర్చోబెట్టింది అని అందరూ రాస్తారు. పక్కపక్కన కూర్చోబెట్టి తినిపించడం అంతకంటే పెద్ద పని. ఈ దేశంలో కులం కాపలా కాసిన గడపల్లో పంక్తి ఒకటి.

అందరికీ తలుపు తెరిచిన కొన్ని దశాబ్దాలకే బల్ల ఎత్తేశారు. కావాలని చేసింది కాదు. కానీ జరిగిన వరుస అదే, దాన్ని గమనించకపోతే ఈ కథలో బాధ ఎక్కడుందో తెలియదు. దొరల కాలంలో కళకళలాడిన గది, అందరిదీ అయ్యాక సన్నగిల్లింది.

సన్నగిల్లడానికి కారణాలు చాలావరకు మంచి కారణాలే. పెట్టెల మధ్య నడిచే దారి వచ్చింది. దాంతో వంటగది బండిలోకే ఎక్కింది. ప్యాంట్రీ కారు నుంచి చాయ్, వడ, భోజనం ప్రయాణికుడి ఒడిలోకి వచ్చాక, దిగి పరుగెత్తే పని తప్పింది. ఆవిరి ఇంజను పోయి డీజిల్ వచ్చింది, నీళ్ళకోసం ఆగే అవసరం పోయింది. అన్నిటికన్నా పెద్ద మార్పు గేజి మార్పిడి. బెంగళూరు వైపు మీటరుగేజి 1980ల తొలి సంవత్సరాల్లో బ్రాడ్‌గేజి అయింది. దేశమంతటా ఒకే గేజి అనే కార్యక్రమం 1992లో మొదలయ్యాక నంద్యాల, గుంటూరు వైపు, హుబ్లీ వైపు దారులు కూడా ఆ దశాబ్దంలోనే మారాయి. హుబ్లీ నుంచి విజయవాడకు, బెంగళూరు నుంచి ఉత్తరాదికి బండి గుంతకల్లులో మనిషిని దించకుండానే సాగిపోయింది. 676 మిల్లీమీటర్ల తేడా పోయింది, దానితో ఎదురుచూపూ పోయింది. అర్ధరాత్రి పిల్లలను లేపి, మూటలు మోసుకుని మెట్లెక్కి దిగిన తల్లులకు అది గొప్ప ఊరట. ఆ ఊరటను తక్కువ చేసి భోజనశాల కోసం కన్నీళ్ళు పెట్టడం తగదు.

తర్వాత పరిపాలన మారింది. 1999లో ఐఆర్‌సీటీసీ అనే వేరే సంస్థ ఏర్పడి తిండి వ్యవహారాన్ని చేపట్టింది. 2010 విధానం ఆ పనిలో చాలాభాగాన్ని తిరిగి జోనల్ రైల్వేలకు ఇచ్చింది, 2017 విధానం మళ్ళీ ఐఆర్‌సీటీసీకి అప్పజెప్పింది. ఈ చేతులు మారడాల్లో పాత తరహా గది ఒక్కో స్టేషనులో ఒక్కో రకంగా కరిగిపోయింది. ఒకచోట ఫుడ్ ప్లాజా అయింది, ఒకచోట నిలబడి తినే కౌంటరు అయింది, ఒకచోట గోదాము అయింది. ఇలాంటి గదులకు చివరి రోజు అంటూ ప్రకటన ఉండదు. బేరరు పదవీ విరమణ చేస్తాడు, కొత్తవాణ్ణి వేయరు. బల్లగుడ్డ చిరుగుతుంది, కొత్తది రాదు. పింగాణీ స్థానంలో రేకు పళ్ళెం, దాని స్థానంలో అట్టపెట్టె. ఏ మెట్టు దగ్గరా ఎవరూ అభ్యంతరం చెప్పరు, ఒక్కో మెట్టూ చిన్నదే కనుక.

ఇదే కథ ఇంకో ఎండుపీఠభూమి మీద ఇంకాస్త గట్టిగా, తేదీలతో సహా జరిగింది. అమెరికా నైరుతి ఎడారి గుండా శాంటా ఫే రైల్వే దారి పొడవునా భోజనశాలలు నడిపినవాడు ఫ్రెడ్ హార్వీ. ఇంగ్లండు నుంచి కుర్రవాడిగా వలసపోయిన ఆయన 1876లో, అంటే మన మహా కరువు మొదలైన ఏడాదే, కాన్సాస్ రాష్ట్రం టొపీకా స్టేషనులో ఆ దారి మీద తన మొదటి భోజనశాల తెరిచాడు. అక్కడా గుంతకల్లు పద్ధతే. బండిలో ఎందరు తింటారో తంతి ముందుగా చేరేది, అరగంటలో పలు రకాల భోజనం పూర్తయ్యేది. 1883 నుంచి వడ్డనకు ఆడపిల్లలను పెట్టారు, నల్ల గౌను మీద తెల్ల ఏప్రన్ వాళ్ళ దుస్తులు. హార్వీ గర్ల్స్ అన్న పేరు సినిమాకూ ఎక్కింది. నీళ్ళు లేని చోట నీళ్ళు కూడా రైలే తెచ్చింది. గ్రాండ్ కాన్యన్ అంచున 1905లో తెరిచిన ఎల్ తొవార్ హోటలుకు దాదాపు 190 కిలోమీటర్ల దూరం నుంచి ట్యాంకు బళ్ళలో నీళ్ళు మోసుకొచ్చేవారు. అనంతపురం పాఠకుడికి ఈ వాక్యం విడమరిచి చెప్పనక్కర్లేదు.

హార్వీ హోటళ్ళలో చివరి పెద్ద కట్టడం అరిజోనాలోని విన్‌స్లో పట్టణంలో ఉంది. పేరు లా పొసాదా. అనంతపురంలో పడే వానలో సగం కూడా పడని చోటు. మేరీ కోల్టర్ అనే వాస్తుశిల్పి రూపకల్పనలో 1930లో తెరిచారు. అప్పటికే అమెరికా ఆర్థిక మాంద్యంలోకి జారింది. తర్వాత కారు, విమానం ప్రయాణికులను లాక్కుపోయాయి. 1957లో హోటలు మూతపడింది, సామాన్లు వేలం వేశారు, భవనంలో రైల్వే ఆఫీసులు పెట్టారు. ఆల్బుకర్కీలో 1902 నాటి అల్వరాడో హోటలుకు ఆ అదృష్టం కూడా లేదు, 1970లో కూల్చేశారు. లా పొసాదా మాత్రం 1997లో ఒక దంపతుల చేతికి వచ్చి, గదులు ఒక్కొక్కటే బాగుపడి, మళ్ళీ హోటలుగా తెరుచుకుంది. భోజనశాలలో మళ్ళీ వడ్డన మొదలైంది. రైలు ఇప్పటికీ దాని వెనకే ఆగుతుంది. మూసినదాన్ని తెరవడం సాధ్యమేనని చెప్పడానికి ఇదొక్కటి చాలు, అయితే అక్కడికి వచ్చేది ఇప్పుడు కారు మీద వచ్చే విహారయాత్రికులు.

రైలు దారి వెంట వెలిసిన ఆ హోటళ్ళ మీద మోజు తర్వాత వినోద పార్కుల్లోకి వెళ్ళింది. వాల్ట్ డిస్నీకి రైళ్ళంటే ప్రాణం. 1955 జూలై 17న కాలిఫోర్నియాలో తెరిచిన డిస్నీలాండ్ చుట్టూ తిరిగే చిన్న రైలుకు మొదట శాంటా ఫే పేరే పెట్టారు. 1994లో ఫ్లోరిడా డిస్నీ వరల్డ్‌లో కట్టిన విల్డర్‌నెస్ లాడ్జ్ అనే హోటలుకు నమూనా ఎల్లోస్టోన్ పార్కులోని ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ఇన్. 1904లో దుంగలతో కట్టిన ఆ అసలు హోటలు వెనక నార్తర్న్ పసిఫిక్ రైల్వే డబ్బు ఉంది. నకలు హోటలులోని మేలైన భోజనశాల పేరు ఆర్టిస్ట్ పాయింట్. దేవదారు పలక మీద కాల్చిన సాల్మన్ చేప అక్కడి ప్రసిద్ధ వంటకం. పెళ్ళిరోజులకు, పుట్టినరోజులకు ఏటేటా అక్కడికే వచ్చే కుటుంబాలు ఉండేవి. 2018 నవంబరులో దాన్ని ఆ రూపంలో మూసేసి, డిసెంబరు 16 నుంచి స్నోవైట్ కథలోని పాత్రలు బల్లల దగ్గరికి వచ్చి పలకరించే భోజనశాలగా తెరిచారు. పిల్లలు సంతోషించారు. నెమ్మదిగా తింటూ మాట్లాడుకోవడానికి వచ్చే పెద్దలు ఒక చోటు పోగొట్టుకున్నారు.

గుంతకల్లుకూ ఫ్లోరిడాకూ మధ్య ఉన్న అసలు తేడా డబ్బు కాదు. ఆర్టిస్ట్ పాయింట్‌కు వెళ్ళినవాడు అనుభవం కోసం వెళ్ళాడు, దాన్ని కొన్నాడు, అది పోతే ఇంకోటి కొంటాడు. రైల్వే భోజనశాలకు వెళ్ళినవాడు ఆకలితో వెళ్ళాడు, బండి తప్పిపోతుందేమోనన్న భయంతో వెళ్ళాడు, అయినా అరగంట మర్యాదగా కూర్చుని తిన్నాడు. మొదటిదాన్ని మూసేముందు తేదీ ప్రకటిస్తారు, అభిమానులు చివరి రాత్రికి బల్లలు ముందే రిజర్వు చేసుకుంటారు. రెండోదానికి వీడ్కోలు చెప్పేవాళ్ళు ఉండరు, దానిలో తిన్నవాళ్ళందరూ ఎక్కడికో పోతున్నవాళ్ళు కనుక. ప్రజల సొత్తుగా ఉన్న గది మూతపడితే లెక్క అడగడానికి ఎవరూ మిగలకపోవడం పెద్ద లోపం. వినోద పార్కు హోటలు భోజనశాల గురించి పేజీలకు పేజీలు జ్ఞాపకాలు రాస్తారు. లక్షలమందికి కుర్చీ వేసిన జంక్షన్ భోజనశాల చరిత్ర రాయడానికి ఆ శ్రద్ధలో పదో వంతు కూడా దక్కలేదు. గుంతకల్లు లాంటి చోట ఆ పని చేయాలంటే పాత కాలపట్టికలు, ధరల పట్టికలు, వంటవాళ్ళ కుటుంబాల మాటలు అవసరం. ఆ వంటవాళ్ళ తరం వెళ్ళిపోతోంది కాబట్టి దానికి గడువు కూడా తక్కువే.

గది పలచబడినా ప్లాట్‌ఫారం తిండి మాత్రం ఏ కాలంలోనూ ఆగలేదు. గుంతకల్లు, బళ్ళారి, అనంతపురం దారుల్లో పొద్దున్నే దొరికేది ఉగ్గాణి, మిరపకాయ బజ్జి. బొరుగులను నీళ్ళలో తడిపి, పిండి, తాలింపులో వేసి, పసుపూ పుట్నాలపొడీ చల్లితే ఉగ్గాణి. వరి దండిగా పండని సీమలో బొరుగులు సంతకు వెళ్ళిన ప్రతి ఇంటికీ వచ్చే సరుకు. తేలికగా ఉంటుంది, నిలవ ఉంటుంది, నిమిషాల్లో టిఫిను అవుతుంది. రిఫ్రెష్‌మెంట్ రూమ్ పట్టికలో దీనికి చోటు దొరికి ఉంటే ఆ గది ఈ నేలకు ఇంకాస్త చుట్టమయ్యేది. రైల్వే వంటగది ఈ నేల నుంచి నేర్చుకున్నది తక్కువ, అది దాని లోపాల్లో ఒకటి. సూపు పోయింది, కస్టర్డ్ పోయింది, పొట్లంలో ఉగ్గాణి నిలిచింది.

కరువు కాలపు తిండి కూడా ఈ పీఠభూమికి పరాయిది కాదు. 1952 కరువులో రాయలసీమ అంతటా గంజి కేంద్రాలు నడిచాయి. ఆ తరువాతి తరాలకు కరువు అంటే వలస, వలస అంటే రైలు. బెంగళూరు బండి జనరల్ పెట్టెలో కిక్కిరిసి పోయే కూలీల కోసం 2023లో రైల్వే ఒక మంచి పని చేసింది. జనరల్ పెట్టెలు ఆగే చోటికి ఎదురుగా కౌంటర్లు పెట్టి, 20 రూపాయలకు పూరీ, కూర పొట్లం, 50 రూపాయలకు అన్నం రకాలు అమ్మించింది. అప్పట్లో దక్షిణ మధ్య రైల్వేలో గుంతకల్లు, డోన్, నంద్యాల, రేణిగుంట ఆ కౌంటర్లు వచ్చిన స్టేషన్లలో ఉన్నాయి. డబ్బున్న ప్రయాణికుడు 2014 తర్వాత వచ్చిన ఈ-కేటరింగ్‌లో ఫోను మీద బిర్యానీ చెప్పుకుంటే, సీటు దగ్గరికే వస్తుంది. తంతి చేసిన పని ఇప్పుడు ఫోను చేస్తోంది.

ఆకలి తీర్చడంలో ఇప్పటి ఏర్పాటు పాతదానికంటే చాలా మెరుగు. ఎక్కువమందికి, తక్కువ ధరకు, కులం, రంగు అడగకుండా తిండి అందుతోంది. అందనిది కూర్చునే చోటు. 20 రూపాయల పొట్లం కొన్న కూలి మనిషి దాన్ని ప్లాట్‌ఫారం మీద నిలబడో, కిక్కిరిసిన పెట్టెలో ఒక కాలి మీద నిలబడో తింటున్నాడు. అమృత్ భారత్ పథకం కింద దేశంలో వెయ్యికి పైగా స్టేషన్లకు కొత్త రూపం ఇస్తున్నారు. లిఫ్టులు, ఎస్కలేటర్లు, విశ్రాంతి గదులు, దుకాణాలు వాటి నమూనాల్లో ఉంటున్నాయి. ఆ దుకాణాల మధ్య జనరల్ టిక్కెట్టు ప్రయాణికుడు తన పొట్లం విప్పుకుని తినడానికి బల్లలు, కుర్చీలు, చేతులు కడుక్కునే తొట్టి, తాగడానికి మంచినీళ్ళు ఉన్న ఒక గది ఉండాలి. దానికి పెద్ద ఖర్చేమీ కాదు. గుంతకల్లు లాంటి జంక్షన్లలో అలాంటి గదికి పాత భవనంలోనే చోటు దొరుకుతుంది.